సైకోపై సాఫ్ట్‌వేర్: తడబాటు కంటిదా, తెరదా?

మసక వెలుతురులోనో పొగమంచులోనో కనిపించినదాన్ని మెదడు ఎంతవరకు నమ్ముతుంది? దీనికి అంకెల్లో జవాబు రాబట్టాలనుకునేవాళ్లలో చాలామంది చేతికి ముందుగా వచ్చే పనిముట్టు సైకోపై. నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో జొనాథన్ పియర్స్ మొదలుపెట్టిన ఉచిత, ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఇది; తెర మీద బొమ్మలు చూపించి, చూసేవాళ్ల జవాబులు నమోదుచేస్తుంది. పైథాన్‌లో నడుస్తుంది. కోడ్ రానివాళ్లు బిల్డర్‌లో పెట్టెలు పేర్చుకుని ప్రయోగం తయారుచేసుకోవచ్చు, వచ్చినవాళ్లు కోడర్‌లో నేరుగా రాసుకోవచ్చు. మంచి పనిముట్టే, అందులో సందేహం లేదు. అయితే చూసేవాడి కంట్లోని తడబాటూ, తెర కలిపిన లోపమూ చివరికి ఒకే ఫైల్లో ఒకే అంకెగా చేరతాయి. వాటిని విడదీసే బాధ్యత సాఫ్ట్‌వేర్ తీసుకోదు.

ముందు కొలిచేదేమిటో చూద్దాం. 2002లో ఎర్న్‌స్ట్, బ్యాంక్స్ అనే పరిశోధకులు ఒక వస్తువు ఎత్తును కంటితోనూ చేత్తోనూ అంచనా వేయించారు. చూపులో గజిబిజి పెంచేకొద్దీ మనుషులు చేతి స్పర్శ వైపు మొగ్గారు. ఒక్కో ఆధారానికి దక్కే బరువు దాని వేరియన్స్‌కు (అంచనాలు ఎంత చెదురుతున్నాయో చెప్పే కొలతకు) విలోమంగా ఉంటుందన్న లెక్కకు ఆ ఫలితాలు దగ్గరగా సరిపోయాయి. ఇలాంటి ప్రయోగం కట్టేముందు కాగితం మీద ఒక లెక్క వేసుకోవాలి. ఒక ఆధారం ప్రామాణిక విచలనం (వేరియన్స్‌కు వర్గమూలం) 2 డిగ్రీలు, రెండోదానిది 4 డిగ్రీలు అనుకుందాం. బరువులు 0.8, 0.2 అవుతాయి. రెండూ కలిస్తే విచలనం 1.8కి దిగాలి. 2కీ 1.8కీ మధ్య ఉన్న ఆ కాస్త తేడా డేటాలో ఇట్టే కలిసిపోతుంది. రెండు ఆధారాలనూ 2 డిగ్రీల దగ్గరే ఉంచితే కలిసిన విచలనం 1.4కి దిగుతుంది, తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అందుకే ముందు విడివిడిగా కొలిచి, రెండింటి గజిబిజినీ సమానం చేసుకుని, ఆ తర్వాతే కలపాలి.

ఆ కొలతకు సైకోపైలో క్వెస్ట్, మామూలు స్టెయిర్‌కేస్ రెండూ సిద్ధంగా ఉన్నాయి; రెండూ వచ్చే జవాబులను బట్టి కష్టాన్ని మార్చుకుంటూ పోయే పద్ధతులే. వరసగా మూడు సరైన జవాబులకు ఒక మెట్టు కష్టం పెంచి, ఒక తప్పుకు ఒక మెట్టు తగ్గించే స్టెయిర్‌కేస్ 79.4 శాతం సరైన జవాబుల దగ్గర నిలబడుతుంది. థ్రెషోల్డ్ (గుర్తుపట్టగలిగే హద్దు) కోసమైతే ఇది చాలు. అనిశ్చితి దాగి ఉండేది మాత్రం సైకోమెట్రిక్ వక్రరేఖ (కష్టం మారేకొద్దీ జవాబుల శాతం ఎలా మారుతుందో చూపే గీత) వాలులో. స్టెయిర్‌కేస్ ట్రయల్స్ (ఒక్కోసారి చూపి జవాబు అడగడాలు) అన్నీ ఒకే చోట గుమిగూడతాయి కాబట్టి వాలు సరిగా తేలదు. దానికి పాత పద్ధతే మేలు: 7 స్థాయిలు, ఒక్కోటి 40 సార్లు, మొత్తం 280 ట్రయల్స్, వరస కలగాపులగంగా. బిల్డర్‌లో ఒక ఎక్సెల్ ఫైలు, ఒక లూపు ఉంటే పని అయిపోతుంది. ఈ సౌలభ్యానికి పూర్తి మార్కులు ఇవ్వాలి.

కదిలే చుక్కల దగ్గరికొస్తే జాగ్రత్త పడాలి. ఎన్ని చుక్కలు ఒకే దిక్కుకు పోవాలో కోహెరెన్స్ నిర్ణయిస్తుంది. 0.1 అంటే నూటికి పది. ఇందులో చుక్కల వేగాన్ని సెకనుకు కాకుండా ఫ్రేముకు (తెర ఒక్కసారి గీసే బొమ్మకు) ఇవ్వాలి. 60 హెర్ట్జ్ తెర (సెకనుకు 60 ఫ్రేములు) మీద సెకనుకు 6 డిగ్రీలు (కంటి దగ్గర ఏర్పడే కోణం) కావాలంటే 0.1 అని రాయాలి. అదే ఫైలును 120 హెర్ట్జ్ తెర మీద నడిపితే చుక్కలు ఏ హెచ్చరికా లేకుండా రెట్టింపు వేగంతో పరుగెత్తుతాయి. చుక్క పరిమాణమూ అంతే: మిగతావన్నీ డిగ్రీల్లో ఇచ్చినా అది పిక్సెళ్లలోనే ఉంటుంది. ఇక చుక్క ఆయుష్షును అనంతంగా వదిలేస్తే చూసేవాడు ఒక్క చుక్కనే కంటితో వెంటాడి జవాబు చెప్పేయగలడు. అప్పుడు కొలిచింది మొత్తం కదలికను కాదు, ఆ ఒక్క చుక్కను. సాఫ్ట్‌వేర్‌లో మొదట ఉండే 3 ఫ్రేముల ఆయుష్షును ఊరికే పెంచొద్దు.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది గామా, అంటే తెరకు ఇచ్చే అంకెకూ అది వెలిగే వెలుగుకూ మధ్య ఉన్న వంకర సంబంధం. చారల గేబర్ ప్యాచ్‌ను (అంచులు మసకబారే చారల మచ్చను) బూడిదరంగు నేపథ్యం మీద పెడతాం. ప్యాచ్ సగటు వెలుగు నేపథ్యంతో సమానంగా ఉంటుందని మన నమ్మకం. సరిచేయని తెర గామా 2.2 దగ్గర ఉంటే, మధ్య బూడిదరంగు గరిష్ఠ వెలుగులో 22 శాతమే ఇస్తుంది. తెల్లచారలు పెరిగినంతగా నల్లచారలు తగ్గవు కాబట్టి ప్యాచ్ మొత్తంగా నేపథ్యం కన్నా కాస్త వెలుగుతుంది. ఎక్కువ కాంట్రాస్ట్ (తెల్ల, నల్ల చారల వెలుగు తేడా) ఉన్నచోట చారలు అందకపోయినా ఆ వెలుగు మచ్చను చూసి జవాబు చెప్పొచ్చు. దీనికి మందు సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది: అందులోని మానిటర్ సెంటర్ అనే భాగంలో లైట్ మీటర్‌తో కొలిచి గామా సరిచేయాలి. తెర వెడల్పు, కంటికీ తెరకూ మధ్య దూరం కూడా అక్కడే ఇవ్వాలి, లేకపోతే డిగ్రీల్లో ఇచ్చిన కొలతలకు అర్థం ఉండదు. 57 సెంటీమీటర్ల దూరంలో తెర మీది ఒక సెంటీమీటరు సుమారు ఒక డిగ్రీ. తలను గడ్డం ఆనించే స్టాండు మీద ఉంచడం మంచిది. ఆపరేటింగ్ సిస్టంలోని నైట్ మోడ్, ఆటో బ్రైట్‌నెస్ తప్పకుండా ఆపేయాలి.

గామా సరిచేసినా 8 బిట్ తెరకు 256 మెట్లే ఉంటాయి. 1 శాతం కాంట్రాస్ట్ అంటే మధ్య నుంచి అటూ ఇటూ దాదాపు ఒక్క మెట్టు. చారలు నున్నగా మారవు, గట్లు కట్టినట్టు పడతాయి. అంత తక్కువ కాంట్రాస్ట్‌లో థ్రెషోల్డ్ కొలవాలంటే ఎక్కువ బిట్ల హార్డ్‌వేర్ కావాల్సిందే. లేదంటే కాంట్రాస్ట్ పెంచి, దానిమీద నాయిస్ (అడ్డదిడ్డమైన వెలుగు గజిబిజి) కలిపి పని కష్టం చేయడం సులువైన దారి.

కాలాన్ని సెకన్లలో కాకుండా ఫ్రేముల్లో ఇవ్వండి. 60 హెర్ట్జ్ మీద 50 మిల్లీసెకన్లు అంటే సరిగ్గా 3 ఫ్రేములు. 75 హెర్ట్జ్ మీద 3.75 వస్తుంది, అది కుదరదు. ఫుల్ స్క్రీన్‌లోనే నడపాలి. జారిపోయిన ఫ్రేములను లెక్కపెట్టే సదుపాయాన్ని కోడర్‌లో మనమే ఆన్ చేసుకోవాలి. ఇది మొదటినుంచీ ఆన్‌లో ఉండాల్సింది.

పావ్లోవియా అనే ఆన్‌లైన్ వేదిక ద్వారా అదే ప్రయోగాన్ని బ్రౌజర్‌లో నడపొచ్చు. పెద్ద తేడాలు అడిగే పనులకు అది పర్వాలేదు. క్రెడిట్ కార్డును తెరకు ఆనించి పరిమాణం సరిచేసే పద్ధతి కూడా ఉంది. ఎదుటివాళ్ల తెర గామా, గది వెలుతురు, కూర్చున్న దూరం మాత్రం మన చేతిలో ఉండవు. కాంట్రాస్ట్ థ్రెషోల్డ్‌ను, సూక్ష్మమైన వంపు తేడాలను అక్కడ కొలవొద్దు.