తొమ్మిదో తరగతి పిల్ల, మూడో తరగతి తెలుగు: ఏ పుస్తకం కొందాం?

విజయనగరంలో మా చుట్టుపక్కల ఏ ఇంటికెళ్లినా నన్ను అడిగేది ఒకటే: "పిల్లలకి కొత్త పుస్తకాలేవైనా చెప్పండి." ఎన్నో క్లాసు అంటే వెంటనే చెబుతారు. "తెలుగు ఎంతవరకు చదువుతుంది?" అంటే మాత్రం చాలామంది తల్లులు ఆలోచనలో పడతారు. ఇంగ్లీషు మీడియం పిల్లల్లో వయసుకి పద్నాలుగేళ్లున్నా తెలుగు చదవడంలో ఎనిమిదేళ్ల దగ్గర ఆగిపోయినవాళ్లు చాలామంది. వయసు చూసి కొన్న పుస్తకం అల్మరాలోనే ఉండిపోతుంది. చదువు చూసి చిన్నపిల్లల బొమ్మల పుస్తకం కొంటే "నేనేమైనా చంటిపిల్లనా" అని పక్కన పడేస్తుంది. మా మేనకోడలితో, మేనల్లుడితో ఈ రెండు తప్పులూ నేను చేశాను.

ముందు చిన్నవాడి సంగతి. మూడో తరగతి. వాడికి తూలిక ప్రచురణల వాళ్ల రెండు భాషల బొమ్మల పుస్తకం కొన్నాను. ఒకే పుస్తకంలో ఇంగ్లీషూ తెలుగూ రెండూ వస్తాయి కదా, కలిసొస్తుందనుకున్నాను. వాడు ఇంగ్లీషు వాక్యం గబగబా చదివేసి పేజీ తిప్పేశాడు. తెలుగు వైపు చూడనైనా లేదు. తర్వాత ప్రథమ్ బుక్స్ వాళ్లది, తెలుగు మాత్రమే ఉన్న పుస్తకం ఇచ్చాను. వేలు పెట్టి "చె... ట్టె..." అని ఆగాడు. ఒత్తు మీద ఒత్తు వచ్చేసరికి ముఖం ముడుచుకున్నాడు. పక్కన బొమ్మలో కొమ్మ మీద పిల్లి ఉంది. దాన్ని ఒకసారి చూసి, "చెట్టెక్కింది!" అని అరిచాడు. ఇంట్లో రోజూ అనే మాటే. అక్షరాల్లో చూసి గుర్తుపట్టడం మాత్రం వాడికి అదే మొదటిసారి. పక్కనే ఇంగ్లీషు ఉండుంటే ఆ బొమ్మ సాయం వాడు తీసుకునేవాడే కాదు.

అందుకని పిల్లాడు ఒక్కడే కూర్చుని చదివేదైతే తెలుగు ఒక్కటే ఉన్న పుస్తకం మేలు. రెండు భాషలది ఇద్దరు కూర్చునేచోట బాగుంటుంది. మామ్మ తెలుగు చదివి, మనవడు ఇంగ్లీషు చదివే ఇంట్లో అంతకన్నా మంచి పుస్తకం లేదు.

డబ్బు ఇబ్బంది ఉన్నచోట ప్రథమ్ వాళ్లే 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ వెబ్‌సైటు ఉంది. కథలు ఉచితం, తెలుగులో చాలా ఉన్నాయి, ప్రింటు తీసుకోవడానికి లైసెన్సు ఒప్పుకుంటుంది. నాకు అందులో బాగా నచ్చింది లెవెళ్లు. మొదటి లెవెల్ కథ 250 మాటల లోపు, రెండోది 600 వరకు, మూడోది 1500 వరకు, ఆపైన నాలుగోది. క్లాసుతో పని లేకుండా చదువును బట్టి ఎంచుకోవచ్చు. ఫోన్లోనే చదివిస్తే మాత్రం మధ్యలో ఏదో మెసేజ్ వస్తుంది, కథ అక్కడితో సరి. నేను ఫోన్లో ఎంచుకుని జిరాక్సు షాపులో ప్రింటు తీయిస్తాను.

అసలు టెన్షన్ పెద్దపిల్లలతోనే. వాళ్ల కోసం పెద్దవాళ్లు ముందు చెప్పేది చందమామ. 1947 జులైలో మొదలైన పత్రిక, నేనూ దానితోనే పెరిగాను, ఆ తెలుగు ఇప్పటికీ నీళ్లలా సాగుతుంది. కానీ తొమ్మిదో తరగతి పిల్ల రాజకుమారుల మధ్య తనలాంటి పిల్ల కోసం వెతుక్కుంటుంది, దొరకదు. కొందరు "మన ఊరాయనే కదా" అని నేరుగా గురజాడను చేతిలో పెడతారు. ఆ అభిమానం నాకూ ఉంది. ఇంకో మూడేళ్లు ఆగితే ఆ పిల్లలే ఇష్టంగా చదువుతారు. రష్యన్ అనువాదాలు మంచివే, మా మేనకోడలు మాత్రం ఒకే మనిషికి మూడు పేర్లు వచ్చేసరికి తికమకపడి వదిలేసింది.

చివరికి నిలబడినవి రెండు: మన ఉత్తరాంధ్ర రచయితల కథల సంపుటం ఒకటి, అమెరికాలోని తెలుగు సంఘం తానా, ‘మంచి పుస్తకం’ అనే ప్రచురణ సంస్థ కలిసి తెస్తున్నలాంటి, పిల్లల కోసం రాసిన చిన్న నవల ఒకటి.

కథ చిన్నది కాబట్టి సులువని నేనూ అనుకున్నాను. మెల్లగా చదివే పిల్లకి అది నిజం కాదు. ప్రతి కథకీ మనుషులు కొత్త, ఊరు కొత్త, మాటలు కొత్త. అలవాటయ్యేలోగా కథ అయిపోతుంది, మళ్లీ మొదటికొస్తుంది. చిన్న నవలలో ఆ కష్టమంతా మొదటి పది పేజీల్లోనే. తర్వాత అవే పేర్లు, అవే మాటలు తిరిగి తిరిగి వస్తాయి. ఆ పది పేజీలూ నేను చదివి వినిపించాను. మొదటి అధ్యాయానికి నాలుగు రోజులు పట్టింది. చివరి మూడు అధ్యాయాలు ఒక్క రాత్రిలో అయిపోయాయి, వదిన వచ్చి లైటు ఆర్పాల్సి వచ్చింది.

అలాగని కథల్ని తీసేయలేను. వాటిలో ఉన్నది నవలల్లో అరుదు: మన యాస. మా మేనకోడలు చదువుతూ చదువుతూ "ఏటి గుంటా" (ఏంటే పిల్లా) అన్న మాట దగ్గర ఆగి, "అత్తా, ఇది మామ్మ మాట కదా, పుస్తకంలో రాయొచ్చా?" అని అడిగింది. రాయొచ్చమ్మా అన్నాను. పాఠ్యపుస్తకంలో ఎప్పుడూ కనపడని మాట అలా అచ్చులో కనిపించేసరికి ఆ పేజీ మళ్లీ పైకి చదివింది, ఈసారి ఎక్కడా తడబడలేదు. చెవికి తెలిసిన మాట కంటికి తొందరగా అందుతుంది.

ఆ ఉత్సాహంలో శ్రీకాకుళం తీసుకెళ్లి, కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో పెట్టిన కథల లైబ్రరీ, కథానిలయం చూపించాను. పిల్లల పుస్తకాల కోసం వెళ్లే చోటు కాదది. తెలుగులో ఇన్ని కథలు రాశారని, వాటిని ఒకాయన పోగుచేసి దాచారని తెలియాలని తీసుకెళ్లాను. వాళ్ల వెబ్‌సైట్లో కథలు ఉచితంగా చదువుకోవచ్చు. అవి పెద్దల కోసం రాసినవి కాబట్టి ముందు మీరు చదివి, తగినవి ఏరి ఇవ్వండి.

ఏది కొన్నా ముందు మధ్యలో ఒక పేజీ తీసి పిల్ల చేత పైకి చదివించండి. ఐదారు మాటల కంటే ఎక్కువచోట్ల ఆగితే ఆ పుస్తకం వచ్చే ఏడాదికి.

మా ఊరి సిరిమాను జాతరకి వాళ్లంతా మా ఇంటికి వస్తారు. వాడికి రెండో లెవెల్ పుస్తకాలు నాలుగు, దానికి ఇంకో నవల తెప్పించి ఉంచాను. మా విజయనగరం రచయిత చాసో కథలు కూడా పక్కన పెట్టాను. అది అడిగినప్పుడు ఇస్తాను.