ఒంగోలులో పాత బైబిలుకి తోలు బైండింగ్: చేయించుకున్న ఒక పాస్టరు మాట

పాత బైబిలు వదులుకోలేని సేవకులకు, విశ్వాసులకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. ఒంగోలులో కర్నూలు రోడ్డు పక్క సందులో పెద్ద వయసు సాయిబు గారు ఒకరు బైండింగ్ చేస్తారు. షాపుకి బోర్డు లేదు. ఎక్కువగా కాలేజీ రికార్డులు, ఆఫీసు రిజిస్టర్లు వస్తుంటాయి. నా బైబిలు ఆయన కుట్టిచ్చి నెలలయింది, రోజూ వాడుతున్నాను, ఒక్క కాగితం కూడా కదల్లేదు.

కొత్తది కొనుక్కోవచ్చు కదా అయ్యగారూ అని మా సంఘం కుర్రాళ్లు అడిగారు. ఈ బైబిలు మా నాన్న కొనిచ్చింది. ఆయన చెప్పులు కుట్టేవారు, చదువు రాదు. నేను చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లో పనిచేసే రోజుల్లో ఒక నైట్ డ్యూటీలో యిర్మీయా మొదటి అధ్యాయం చదువుతున్నాను. బాలుడనని అనవద్దు, నేను పంపిన చోటికల్లా నువ్వు వెళ్లాలి అని దేవుడు యిర్మీయాతో చెప్పే ఏడో వచనం దగ్గర ఆగిపోయాను. నలుగురిలో నిలబడితే నాకు గొంతు పెగిలేది కాదు. నాలాంటివాణ్ని ఎందుకు పిలుస్తాడులే అని పక్కన పెడదామన్నా ఆ మాట నన్ను వదల్లేదు. చివరికి ఆ వచనం పక్కన పెన్సిలుతో ‘సరే ప్రభువా’ అని రాసి తేదీ వేశాను.

ఉద్యోగం మానేసి బైబిల్ స్కూల్లో చేరతానంటే ఇంట్లో ఒకటే టెన్షన్. అమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. నాన్న మాత్రం, "పేరయ్యగారిదీ తోలు పనేగదరా, ఆయన్ని పిలవలా దేవుడు?" అన్నారు. మా వైపు బాప్తిస్టు సంఘాల్లో యెర్రగుంట్ల పేరయ్య గారి పేరు తెలియని ఇల్లు ఉండదు. తోళ్ల వ్యాపారం మీద ఏలూరు వైపు వెళ్లి అక్కడ సువార్త విన్న మనిషి ఆయన. 1866లో అమెరికన్ బాప్తిస్టు మిషనరీ జూయెట్ దొరగారి దగ్గర బాప్తిస్మం తీసుకుని, తన వాళ్ల మధ్య ఊరూరా తిరిగి చెప్పారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారంటే, ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారి పేరుతో పాటు పేరయ్యగారిలాంటి బోధకుల కాళ్ల నడకనీ తలుచుకోవాలి. నాన్నకు ఇదంతా వినికిడి మీదే తెలుసు. ఆ మాటే నన్ను ఇంట్లోంచి బయటికి పంపింది.

ఈ బైబిలుకి ఇంతకుముందు వేరే ఊళ్లో ఒకసారి బైండింగ్ చేయించాను. వాళ్లు కుట్టకుండా వెన్నుకి జిగురు దట్టించి, అడక్కుండానే అంచులు మిషన్లో కోసేశారు. యిర్మీయా పక్కన నేను వేసుకున్న తేదీలో సంవత్సరం ఆ కోతలో పోయింది. ఎండాకాలం వచ్చేసరికి జిగురు పెళుసెక్కి ఆదికాండం మొత్తం ఊడి చేతికొచ్చింది.

సాయిబు గారు చేతులు కడుక్కుని వచ్చి బైబిలు తీసుకున్నారు. మొదట అడిగిన మాట, "అయ్యగారూ, అంచుల్లో రాతలున్నాయి, కోయొద్దు కదా?" అని. అక్కడే నా మనసు కుదుటపడింది. పాత జిగురు తడిపి గీకేసి, ఫారాలు (కలిపి మడిచిన కాగితాల కట్టలు) విడదీసి ఒక్కోటీ దారంతో కుట్టారు. చిరిగిన కాగితాలకు పల్చటి టిష్యూ అంటించారు, దాని కింద అక్షరం చక్కగా కనబడుతుంది. అట్టకి మైదా బంకే, పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలుపుతారు. చివరి ఖాళీ పేజీల్లో నేను బాప్తిస్మం ఇచ్చిన వాళ్ల పేర్లు రాసుకున్నాను. అవి పారేయకుండా అలాగే కలిపి కుట్టారు.

రెగ్జిన్‌కి 500, మేకతోలుకి 1,400 చెప్పారు. తోలు ఎంచడానికి నాన్నను తీసుకెళ్లాను. ఆయన వేళ్లతో లాగి చూసి, "ఇది పొట్ట భాగం, సాగుద్ది, వీపు ముక్క తియ్యి భాయ్" అన్నారు. సాయిబు గారు నవ్వి లోపల్నుంచి వేరే తోలు తెచ్చారు. ఆ తర్వాత ఇద్దరూ ఇప్పుడొచ్చే తోళ్ల గురించి మాట్లాడుకుంటూ నన్ను మర్చిపోయారు. నాన్న అంత ఉత్సాహంగా మాట్లాడగా చూసి చాలా కాలమైంది.

లోపాలూ చెప్పాలి. వారం అన్నది రెండు వారాలు దాటింది. ఫోను ఎత్తరు. రిబ్బను పొట్టిగా వేశారు, ప్రకటన గ్రంథం దగ్గర పెడితే కింద అందదు. వెన్ను మీద బంగారు అక్షరాలు ఆయన దగ్గర లేవు, కావాలంటే వేరే చోట వేయించుకోవాలి. మందం కొంచెం పెరిగింది కాబట్టి పాత జిప్ కవరు పట్టదు, కొత్తది కొనుక్కోవాల్సి వచ్చింది. కానీ పుల్పిట్ మీద తెరిచిపెడితే ఏ గ్రంథం దగ్గరైనా ఆ పేజీ అలాగే నిలుస్తుంది. ఒక చేత్తో మైకు పట్టుకుని వాక్యం చెప్పేవాళ్లకు ఇది ఎంత ముఖ్యమో తెలుసు.

ఇచ్చేటప్పుడు అంచులు కోయవద్దని, ఖాళీ పేజీలు ఉంచమని ఒక చీటీ మీద రాసి బైబిల్లో పెట్టండి. క్రిస్మస్ ముందు ఆయనకు పని ఎక్కువ, దసరా లోపే ఇవ్వడం మంచిది. మా సంఘం పాటల పుస్తకాలు కూడా ఆయనకే ఇచ్చాం.