దేవమాలి గట్టు మీద కెమెరాతో: బసలు, బాటలు, వెలుతురు

దేవమాలికి కారులో వెళ్లి వచ్చినవారు చూపించే ఫొటోలన్నీ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంటాయి. 1672 మీటర్ల ఎత్తుతో ఒడిశాలోకెల్లా పెద్దదైన ఈ శిఖరం మీదికి దాదాపు చివరిదాకా వాహనం పోతుంది కాబట్టి, అందరూ ఒకే చోట దిగి, ఒకే వైపు తిరిగి, ఒకే లోయను తీసుకుని దిగిపోతారు. రోడ్డు వదిలి, పొట్టంగి వైపు పల్లెల నుంచి గట్టు వెంట సిమిలిగుడ వైపుకు సాగే కాలిబాట పట్టినప్పుడే కోరాపుట్ జిల్లా కొండలు సరిగ్గా కనిపిస్తాయి. రాయగడలో స్థిరపడిన మేము కొందరం తెలుగువాళ్లం ఆ బాటల్లో నడిచి చూసిన చోట్లను, దిగిన బసల మంచిచెడ్డలను ఇక్కడ వివరిస్తున్నాను.

ఇక్కడ హిమాలయాల్లో వలె గుర్తులు వేసిన నడకదారి లేదు. సంతకు, చేలకు, పశువుల వెంట పోయేవాళ్లు తొక్కగా ఏర్పడిన బాటలనే కలుపుకుంటూ పోవాలి కాబట్టి, ఊరి మనిషి తోడు లేకుండా బయలుదేరడం తెలివైన పని కాదు. సాలూరు మీదుగా వచ్చేవారు 26వ నంబరు జాతీయ రహదారిపై ఘాటు ఎక్కి, సుంకి దాటి పొట్టంగి చేరుకోవచ్చు. విశాఖ నుంచి అరకు మీదుగా పోయే రైలు, రాయగడ నుంచి వచ్చే రైలు కోరాపుట్‌లో దింపుతాయి గానీ, అక్కడి నుంచి మళ్లీ రోడ్డు ప్రయాణం తప్పదు. ట్రైపాడ్లు, లెన్సుల సంచులు మోసుకొచ్చేవారికి సాలూరు దారే మేలు.

బస విషయంలో సౌకర్యం ఒక వైపుకు, వెలుతురు మరో వైపుకు లాగుతాయి. సిమిలిగుడ, సునాబెడ లాడ్జీల్లో వేడినీళ్లకు లోటు లేదు, దగ్గరలోనే ఇడ్లీ, భోజనం దొరుకుతాయి, తెలుగులో మాట్లాడితే పని జరుగుతుంది. అయితే డిసెంబరులో ఆరుంబావు ప్రాంతంలో సూర్యోదయమైతే, అంతకు ముప్పావుగంట ముందే గట్టు మీద ట్రైపాడ్ నిలబెట్టి ఉండాలి. పట్టణం నుంచి కొండకు గంటకు పైగా ప్రయాణం ఉంది కాబట్టి నాలుగింటికే గది వదలక తప్పదు. మేము దిగిన ఒక లాడ్జిలో ఆ వేళకు గేటు తీస్తానని రాత్రి మాటిచ్చిన కాపలా మనిషి, తాళంచెవి జేబులో వేసుకుని ఇంటికి పోయాడు. యజమానిని నిద్రలేపి గేటు తీయించేసరికి తూర్పు తెల్లబారింది. గది మాత్రం శుభ్రంగానే ఉందని ఒప్పుకోవాలి.

చలికాలంలో ఒడిశా పర్యాటక శాఖ తరఫున పుట్సిల్ కొండ మీద ఈకో రిట్రీట్ పేరుతో గుడారాలు వెలుస్తాయి. వాటి ధర పెద్ద హోటళ్ల స్థాయిలో ఉంటుంది. పిల్లలతో, పెద్దవాళ్లతో వచ్చి కొండగాలి పీల్చుకుని వెళ్లదలచినవారికి అది తగిన బసే గానీ, గట్టు వెంట నడవదలచినవారు ప్రతి రాత్రీ మళ్లీ ఒకే చోటికి చేరుకోవలసి రావడం ఇబ్బంది. నేనైతే పల్లెలో ఇంటి బసనే ఎంచుకుంటాను. పెంకుటింటి అరుగు మీద చాప, రెండు దుప్పట్లు, రాత్రి అన్నంలోకి చిక్కుడు గింజల కూర, పొద్దున చోడి (రాగి) అంబలి దొరుకుతాయి. మరుగుదొడ్డి ఉందో లేదో ముందే అడగాలి, డబ్బు సంగతీ రాత్రికే తేల్చుకోవాలి. ఇన్ని ఇబ్బందులనూ ఒక్క సుఖం మరిపిస్తుంది: లేచిన అరగంటలో గట్టు మీద ఉంటారు.

ఆ అరగంట విలువ పైకి చేరాక తెలుస్తుంది. చలికాలం తెల్లవారుజామున చల్లగాలి బరువెక్కి లోయల్లోకి దిగి నిలిచిపోతుంది. దానితోపాటు పొగమంచు కూడా అడుగున పేరుకుని, కొండల నడుములు మునిగి తలలు మాత్రమే పైకి తేలుతాయి. తూర్పు కనుమల్లో హిమాలయాల వంటి సూది శిఖరాలు ఉండవు. ఖోండలైట్ రాతి మీద చాలా చోట్ల బాక్సైట్ పొర టోపీలా కప్పుకుని ఉండడం వల్ల కొండ నెత్తి బల్లపరుపుగా, చెట్లు పలచగా, గడ్డి దట్టంగా ఉంటుంది. ఈ ఆకారాన్ని 16 మిల్లీమీటర్ల వైడ్ లెన్సుతో తీస్తే కొండలన్నీ దూరంగా, ఒక గీతలా అణిగిపోతాయి. 70 నుంచి 200 మిల్లీమీటర్ల జూమ్ లెన్సుతో తీస్తే, వెనకాల వెనకాల పేర్చినట్టు ఒక్కో వరుసా ఒక్కో నీలం ఛాయలో విడివిడిగా నిలుస్తుంది. సంచిలో ఒక్క లెన్సుకే చోటుంటే నేను జూమే తీసుకెళతాను. తెల్లటి మంచును చూసి కెమెరా మీటరు మోసపోయి దృశ్యాన్ని నల్లబరుస్తుంది కాబట్టి, ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాప్ (వెలుతురు రెట్టింపయ్యేంత) దాకా పెంచి, హిస్టోగ్రామ్ (ఫొటోలోని వెలుగునీడల పాళ్లు చూపే గ్రాఫు) కుడి అంచుకు తగలకుండా చూసుకోవాలి.

మాతో వచ్చిన పల్లె పెద్దాయన, మేము మంచు మధ్య తొందరపడుతుంటే, "ఎండ పొడిస్తే అదే విడిపోద్ది బాబూ, కూకోండి" అని బీడీ వెలిగించాడు. ఆయన చెప్పినట్టే సూర్యుడు పైకొచ్చిన కాసేపటికి మంచు పీలికలు పీలికలుగా లేచి, ఒక పల్లె పైకప్పులు, పొయ్యి పొగ, ఎర్రమట్టి బాట ఒకదాని తర్వాత ఒకటి బయటపడ్డాయి. మంచి ఫొటోలన్నీ ఆ విడిపోయే వేళలో వచ్చినవే. చలిలో తిరిగిన కెమెరాను వెంటనే పొయ్యి ఉన్న గదిలోకి తెస్తే లెన్సు మీద, లోపల కూడా నీటి ఆవిరి పడుతుంది. సంచిలోనే మూసి ఉంచి, వేడెక్కాక తీయడం మంచిది.

కాలం సంగతికి వస్తే, అక్టోబరు, నవంబరు నెలల్లో వానలు కడిగిన గాలి తేటగా ఉండి, వలిసె (నూనెగింజల పైరు) చేలు పసుపుపచ్చగా పూస్తాయి. మెరుపును తగ్గించి ఆకాశాన్ని ముదురుగా చూపే పోలరైజర్ ఫిల్టరు పనికొచ్చేది అప్పుడే. మంచు కావాలంటే డిసెంబరు, జనవరి. ఎండలు ముదిరాక పోడు చేలకు పెట్టిన మంటల పొగ లోయలను కమ్మి, దూరపు వరుసలన్నీ బూడిద రంగులో కలిసిపోతాయి. ఆ రోజుల్లో ఈ దారికి రావడం డబ్బు దండగ.

మనుషుల ఫొటోల విషయంలో కొంత కఠినంగానే చెప్పాలి. సంతకు బుట్ట మోసుకుపోతున్న ఆడవాళ్ల ముఖం మీదికి లెన్సు ఎక్కుపెట్టి, ఆ తర్వాత చేతిలో పది రూపాయలు పెట్టే పర్యాటకులు ఈ కొండలకు కొత్త కాదు. తోడు వచ్చిన మనిషి ద్వారా అడిగి, వద్దంటే కెమెరా దించేయాలి. పొట్టంగి బ్లాకులోని కొటియా పల్లెలు ఆంధ్ర, ఒడిశాల మధ్య వివాదంలో ఉన్నాయి. అక్కడ రెండు ప్రభుత్వాల బోర్డులూ కనిపిస్తాయి, కొత్తవాళ్లు ఎందుకొచ్చారన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకుని, డ్రోన్ ఇంట్లో వదిలి వస్తే సగం తలనొప్పి తగ్గుతుంది.

జీపు కుదుర్చుకునేటప్పుడు నిరీక్షణ రుసుము ఎంతో, తిరిగి ఎక్కడ ఎక్కించుకోవాలో ముందే తేల్చుకోవాలి, ఎందుకంటే గట్టు మీద ఫోన్ సిగ్నల్‌ను నమ్ముకోలేం. చలికి బ్యాటరీలు త్వరగా దిగిపోతాయి. వాటిని రాత్రి దుప్పటిలో పెట్టుకుని పడుకోవాలి. పల్లెల్లో చేతికి నగదే కావాలి.

ఇంత నడక ఓపలేనివారికి గజపతి జిల్లాలోని మహేంద్రగిరి ఉంది. 1501 మీటర్ల ఈ కొండ మీద భీముడు, కుంతి, యుధిష్ఠిరుల పేర్లతో పిలిచే రాతి గుళ్లు ఉన్నాయి కాబట్టి, దేవమాలిలో దొరకని ఒక వసతి, అంటే దృశ్యానికి ముందు నిలబెట్టడానికి మనిషి కట్టిన ఆకారం, ఇక్కడ దొరుకుతుంది. సముద్రం దగ్గర కావడంతో గాలిలో తేమ ఎక్కువ, మబ్బు ఉన్నట్టుండి కమ్ముతుంది. పర్లాకిమిడిలో దిగి తెల్లవారుజామున బయలుదేరవచ్చు. మహాశివరాత్రికి ఆ గుళ్లకు జనం పోటెత్తుతారు. భక్తికి వెళ్లేవారికి అదే సమయం, ఖాళీ కొండను తీయాలనుకునేవారు మాత్రం పండుగ ముగిసి, చెత్త తీసేదాకా ఆగాలి.