రోడ్డు ప్రమాదం తర్వాత: పెద్దమనుషుల రాజీ, లోక్ అదాలత్, సొంత వకీలు, ఏది మేలు?

2019లో చిట్యాల దాటాక విజయవాడ జాతీయ రహదారి మీద మా బావ బైకును లారీ గుద్దింది. ఆయన తాపీ మేస్త్రీ. వయసు 38 ఏళ్లు. ఇద్దరు చిన్నపిల్లలు, ముసలి తల్లి. శవాన్ని ఇంటికి తెచ్చిన మూడో రోజే అరుగు మీద పెద్దమనుషులు కూర్చున్నారు. లారీ యజమాని తరఫువాళ్లు 3,50,000 రూపాయలు ఇస్తామన్నారు. దినాల ఖర్చుకు అప్పటికే అప్పు తెచ్చి ఉన్నాం. అక్క స్టాంపు కాగితం మీద సంతకం చేసింది, సాక్షిగా నేనూ చేశాను. ఆ కాగితంలో ఒక వాక్యం ఉంది: "మృతుడు అకస్మాత్తుగా రోడ్డుకు అడ్డంగా వచ్చినందున ప్రమాదం జరిగినది." నేను ఆ వాక్యం చదివాను. దాని బరువు నాకు తెలియలేదు.

ఏడాది తర్వాత నల్లగొండలో ఒక వకీలు ద్వారా కేసు వేసినప్పుడు బీమా కంపెనీ తరఫు న్యాయవాది మొదట బయటికి తీసింది ఆ కాగితాన్నే. తప్పులో మా బావకూ భాగం ఉందని తేల్చి, ఆ మేరకు పరిహారంలో కోత పెట్టారు. అప్పటి నుంచి మా చుట్టుపక్కల ఎవరింట్లో ఇలాంటిది జరిగినా నన్ను అడుగుతారు. అడిగేవాళ్ల ముందు ఎప్పుడూ ఈ మూడు దారులే ఉంటాయి: ఊళ్లోనో స్టేషన్ దగ్గరో రాజీ, న్యాయసేవాధికార సంస్థ ద్వారా ఉచిత వకీలు లేదా లోక్ అదాలత్ (ఇరుపక్షాల ఒప్పందంతో కేసు తేల్చే వేదిక), లేదంటే సొంతంగా పెట్టుకునే వకీలు.

రాజీని తీసిపారేయను. బైకు అద్దం పగిలింది, మోకాలు గీరుకుపోయింది, రెండు బళ్లూ ఒకే ఊరివి. అలాంటప్పుడు వకీలు దగ్గరికి వెళ్లడం దండగ. మందుల ఖర్చు, బండి మరమ్మతు ఇచ్చిపుచ్చుకుని, ఆ మొత్తం దేనికోసమో ఒక కాగితం మీద రాసుకుంటే సరిపోతుంది. డబ్బు వెంటనే చేతికొస్తుంది, ఊళ్లో మాట మిగులుతుంది. ఎముక విరిగినా, ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చినా, ప్రాణం పోయినా మాత్రం లెక్క మారిపోతుంది. అక్కడే మా ఊళ్లవాళ్లు ఎక్కువగా మోసపోతున్నారు.

కారణం ఒక్కటే. రాజీలో కూర్చున్న ప్రతివాడూ బండి యజమాని జేబు వైపు చూస్తాడు. "వాడి దగ్గర మాత్రం ఏముంది, లారీ కూడా అప్పు మీద కొన్నదే" అంటారు. అది నిజమే కావచ్చు. కానీ మోటారు వాహనాల చట్టం ప్రకారం ప్రతి బండికీ థర్డ్ పార్టీ బీమా, అంటే ఆ బండి వల్ల ఎదుటివారికి జరిగే నష్టానికి బీమా, తప్పనిసరి. పాలసీ ఉంటే, చనిపోయినవారి కుటుంబానికి ఇవ్వాల్సింది ప్రధానంగా ఆ బీమా కంపెనీయే. యజమాని పేదవాడా, ధనికుడా అన్నదానితో దీనికి సంబంధం లేదు.

ఇప్పుడు మా బావ లెక్కే వేసి చూద్దాం. నెలకు 15,000 రూపాయల సంపాదన. సొంత పనివారికి 40 ఏళ్లలోపు అయితే, భవిష్యత్తులో ఆదాయం పెరిగేదన్న అంచనాతో 40 శాతం కలపాలని 2017లో ప్రణయ్ సేథీ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. అంటే నెలకు 21,000. ఆయన మీద ఆధారపడినవారు నలుగురు కాబట్టి ఆయన సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తారు. మిగిలేది 15,750. ఏడాదికి 1,89,000. 36 నుంచి 40 ఏళ్ల మధ్య వయసుకు దీన్ని 15తో హెచ్చవేయాలన్నది 2009లో సరళా వర్మ కేసులో ఇచ్చిన పట్టిక. మొత్తం 28,35,000 రూపాయలు. అంత్యక్రియల ఖర్చు, భార్యాపిల్లలకు కలిగిన లోటు కింద ఇచ్చేవి దీనికి అదనం. పిటిషన్ వేసిన నాటి నుంచి వడ్డీ కూడా ఇస్తారు. మేము సంతకం చేసింది మూడున్నర లక్షలకు.

ఆదాయం రుజువు కాకపోతే ఈ మొత్తం తగ్గుతుంది, తప్పులో భాగం ఉందని తేలితే ఇంకా తగ్గుతుంది. తగ్గాక కూడా అరుగు మీద తేలిన అంకెకూ దీనికీ పోలిక ఉండదు. అందుకే నేను ఎవరికైనా చెప్పేది ఒకటే: రాజీ చేసుకోవాలనే మీకు ఉంటే చేసుకోండి, కానీ ఈ లెక్క ఒక వకీలు చేత వేయించుకున్న తర్వాతే కూర్చోండి.

"రాజీ చేసుకుంటే పోలీసు కేసు కూడా పోతుంది" అన్న మాట కూడా పెద్దమనుషుల దగ్గర వినబడుతుంది. నిర్లక్ష్యంతో ప్రాణం తీసిన కేసు రాజీ పడదగిన నేరం కాదు. పాత శిక్షాస్మృతిలో అది 304-ఏ, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 106(1). ఆ పేరుతో ఎవరైనా డబ్బు తగ్గించమంటే నమ్మకండి. ఇంకొకటి, మైనర్ పిల్లల హక్కును వదులుకునే రాజీకి కోర్టు అనుమతి కావాలి. మేనమామ సంతకమో తాత సంతకమో దానికి సరిపోదు.

ఇక రెండో దారి. వకీలు అనగానే "ఫీజు ఎక్కడ తేవాలి" అని వెనక్కి తగ్గేవాళ్లే ఎక్కువ. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టంలోని 12వ సెక్షన్ ప్రకారం మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. భర్తను పోగొట్టుకున్న ఏ స్త్రీ అయినా ఇందులోకి వస్తుంది. ఈ సంగతి మా అక్కకు ఆ రోజు ఎవరూ చెప్పలేదు. నల్లగొండలోనైనా మహబూబ్‌నగర్‌లోనైనా జిల్లా కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యాలయం ఉంటుంది. తెల్లకాగితం మీద దరఖాస్తు ఇస్తే చాలు. 15100కు ఫోను చేసినా దారి చెబుతారు.

ఆ ఉచిత వకీళ్లు సరిగా చూడరనే అపవాదు ఉంది. కొందరు శ్రద్ధగా చూస్తారు, కొందరు చూడరు. ఫీజు తీసుకునేవాళ్లలోనూ అంతే. ప్రమాద కేసు ఎక్కువగా కాగితాల మీద నడుస్తుంది. ఎఫ్ఐఆర్, పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు, బండి తనిఖీ చేసిన ఎంవీఐ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) రిపోర్టు, ఛార్జిషీటు, బీమా పాలసీ కాపీ, ఆదాయపు రుజువు. ఇవన్నీ మీరే జాగ్రత్తగా సేకరించి ఇస్తే సామాన్యంగా పని చేసే వకీలు చేతిలో కూడా కేసు నిలబడుతుంది. నచ్చకపోతే వకీలును మార్చమని సంస్థకే దరఖాస్తు పెట్టుకోవచ్చు.

లోక్ అదాలత్ గురించి ఒక హెచ్చరిక. అది మంచి వేదికే. కేసు త్వరగా ముగుస్తుంది, కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది, ఇచ్చిన అవార్డు కోర్టు డిక్రీతో సమానం. అయితే దాని మీద అప్పీలు లేదు. బీమా కంపెనీ అధికారి ఒక అంకె చెబుతాడు, పక్కన బల్ల దగ్గర ఇంకో కేసు అప్పటికే తేలిపోయి ఉంటుంది, మనకూ తొందర పుడుతుంది. పైన చెప్పిన లెక్క చేతిలో ఉంటేనే ఆ అంకె న్యాయమైనదో కాదో తెలుస్తుంది. లెక్కలో ఐదింట నాలుగు వంతుల దాకా వస్తే, మూడు నాలుగేళ్లు తిరగడం కంటే అక్కడే తేల్చుకోవడం మేలని నా అభిప్రాయం.

కోర్టు బయట మరో ప్రతిపాదన కూడా రావచ్చు. 2022 ఏప్రిల్ 1 నుంచి అమలైన మోటారు వాహనాల చట్టం సవరణలతో, తప్పు ఎవరిదన్న ప్రశ్న లేకుండా మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి 2.5 లక్షలు ఇచ్చే 164వ సెక్షన్ వచ్చింది. తప్పు చనిపోయినవారిదే అన్న సాక్ష్యం బలంగా ఉన్న కుటుంబానికి ఇది పెద్ద ఆసరా. కానీ దాన్ని తీసుకుంటే ట్రిబ్యునల్‌లో (ప్రమాద పరిహారం తేల్చే కోర్టులో) వేసిన పెద్ద పిటిషన్ రద్దవుతుంది. 28 లక్షలు రాగలిగిన కేసులో 5 లక్షలకు ఒప్పుకుని ఆ తలుపు మూసేసుకోకూడదు. ఏది తీసుకోవాలన్నది వకీలును అడగకుండా తేల్చవలసిన విషయం కాదు.

సొంత వకీలు తప్పక కావాల్సింది ఎప్పుడంటే, నా దృష్టిలో అన్నిటికంటే ముందు బతికి బయటపడి వైకల్యం మిగిలినవారికి. మరణం కేసులో లెక్కకు పట్టిక ఉంది. గాయం కేసులో అంతా రుజువు మీద ఉంటుంది. మా వైపు ఒక గీత కార్మికుడి కాలు విరిగి, మోకాలు పూర్తిగా ముడవని పరిస్థితి వచ్చిందనుకోండి. డాక్టరు సర్టిఫికెట్‌లో వైకల్యం 30 శాతం అని ఉంటుంది. కానీ ఆయన ఇక తాటిచెట్టు ఎక్కలేడు. చేతిలో ఉన్న ఒక్క పనీ పోయింది. శరీరానికి కలిగిన వైకల్యం ఒకటి, దానివల్ల సంపాదనకు కలిగిన నష్టం మరొకటి, రెండోదాన్నే చూడాలని 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. దాన్ని నిరూపించాలంటే వైద్యం చేసిన డాక్టరును సాక్షిగా పిలిపించాలి, ఆ మనిషి చేసే పని ఏమిటో జడ్జి కళ్లకు కట్టాలి. ఇక్కడ వకీలు పనితనం అంకెను రెండింతలు, మూడింతలు చేస్తుంది.

కూలీలను ఎక్కించుకున్న ట్రాక్టరు, ఆటో ట్రాలీ బోల్తా పడిన కేసులు కూడా అంతే. 2018 ఏప్రిల్‌లో పి.ఎ.పల్లి మండలంలో వద్దిపట్ల దగ్గర కూలీల ట్రాక్టరు కాలువలో పడి మహిళలు చనిపోయిన సంగతి నల్లగొండ జిల్లా మరిచిపోలేదు. మిరపకోతకు, పత్తి ఏరడానికి వెళ్లేవాళ్లు ఇప్పటికీ అలాగే వెళ్తున్నారు. సరుకు బండిలో ఊరికే ఎక్కిన ప్రయాణికుడికి బీమా వర్తించదని కంపెనీ వాదిస్తుంది, 2002లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆశారాణి తీర్పు ఆ వాదానికి బలం. చనిపోయినవారు కూలీగా వెళ్తున్నారా, పాలసీలో కూలీల కోసం ప్రీమియం కట్టారా, ఉద్యోగుల పరిహార చట్టం కింద కార్మిక శాఖ అధికారి దగ్గర వేయడం మేలా అన్నవన్నీ మొదటే తేల్చుకోవాలి. రెండు చట్టాల కింద పరిహారం తీసుకోవడం కుదరదు, ఒకటే ఎంచుకోవాలి. ఇలాంటి కేసు పెద్దమనుషుల చేతిలో పెట్టడమంటే ఆ కుటుంబాన్ని నట్టేట వదిలేయడమే.

ఫీజు మాట ముందే తేల్చుకోండి. వచ్చిన డబ్బులో ఇంత శాతం అని వకీలు వాటా మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకు విరుద్ధం. అయినా అలా అడిగేవాళ్లు ఉన్నారు. ఫీజు ఎంతో అంకె రూపంలో రాయించుకోండి. ఖాళీ కాగితాల మీద, ఖాళీ చెక్కుల మీద సంతకం పెట్టకండి. ఎం.వి.ఓ.పి. నంబరు (ప్రమాద పరిహారం పిటిషన్‌కు కోర్టు ఇచ్చే నంబరు) అడిగి రాసుకుంటే, వాయిదా ఎప్పుడో ఈ-కోర్ట్స్ యాప్‌లో మీరే చూసుకోవచ్చు. ఆసుపత్రి వార్డులో మంచం పక్కకే వచ్చి వకాలత్ మీద సంతకం అడిగే మధ్యవర్తిని మాత్రం అక్కడి నుంచే పంపేయండి.

కోర్టు దూరమన్న భయం అక్కర్లేదు. ప్రమాదం సూర్యాపేట దగ్గర జరిగినా, మీరు ఉండేది జడ్చర్లలో అయితే మహబూబ్‌నగర్‌లోనే కేసు వేయవచ్చు. గడువు మాత్రం ఆ 2022 సవరణల నుంచి ఆరు నెలలే. దాన్ని ప్రశ్నిస్తూ సుప్రీంకోర్టుకు వెళ్లినవారు ఉన్నారు, అయినా దాని మీద ఆశ పెట్టుకుని కూర్చోకండి. పోలీసులు 48 గంటల్లో మొదటి ప్రమాద నివేదిక, 90 రోజుల్లో వివరమైన నివేదిక ట్రిబ్యునల్‌కు పంపాలన్న నియమం కూడా ఉంది. స్టేషన్‌కు వెళ్లి అది పంపారో లేదో అడగడం మీ హక్కు.

గుద్దిన బండి దొరకనే లేదా? అప్పుడు పెద్దగా ఆలోచించాల్సింది లేదు. మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000 ఇచ్చే పథకం ఉంది. ఆర్డీవో లేదా తహసీల్దారు స్థాయి అధికారికి దరఖాస్తు. దీనికి వకీలు అవసరం లేదు.

బండి నడిపినవాడు మన ఇంటివాడే అయితే ఏమిటి? వాళ్లూ నా దగ్గరికి వస్తారు, వాళ్ల కన్నీళ్లూ కన్నీళ్లే. అక్కడ వకీలు మొదటి రోజు నుంచే ఉండాలి. 106(1) కింద కేసు బెయిలు ఇవ్వదగినది, కాబట్టి "బెయిలు ఇప్పిస్తాం" అని వేలకు వేలు అడిగేవాళ్లను నమ్మనక్కర్లేదు, స్టేషన్‌లోనే జామీను మీద బయటికి రావచ్చు. ప్రమాదం జరిగినచోటి నుంచి పారిపోకుండా గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చి, స్టేషన్‌కు తెలియజేయడం చట్టప్రకారం డ్రైవరు బాధ్యత. విచారణ సమయంలో వకీలును కలిసే హక్కు ఉంది. అరెస్టు చేస్తే, ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టాలి. కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత వకీలు వస్తాడు. మేజిస్ట్రేట్ అడిగినప్పుడు తలవంచుకుని నిలబడకుండా "నాకు వకీలు లేరు, ఇప్పించండి" అని నోరు తెరిచి చెప్పమనండి.