పడమటి గాలిలో ఇల్కా 6: బ్యారేజీ ఎగువన ఏళ్ల తరబడి వాడాక

లేజర్ అనే పేరుతో చాలామందికి తెలిసిన, ఒక్కరే నడిపే తెరచాప పడవే ఈ ఇల్కా. 1970 ప్రాంతంలో కెనడా డిజైనర్ బ్రూస్ కిర్బీ గీశాడు. 2019లో పేరు మారింది. పొడవు 4.2 మీటర్లు, వెడల్పు 1.39 మీటర్లు, ఒట్టి హల్ (పడవ ఒళ్లు) బరువు 59 కిలోలు. హల్ ఒకటే, దానికి మూడు తెరచాపలు: ఇల్కా 7కి 7.06 చదరపు మీటర్లు, 6కి 5.76, 4కి 4.7. విజయవాడలో, ప్రకాశం బ్యారేజీ ఎగువన కృష్ణలో గట్టి గాలికి చెయ్యి అలవాటు చేసుకోవాలనుకునేవాళ్లు పడవ గురించి కాదు, చాప గురించి ఆలోచించాలి. 55 నుంచి 70 కిలోల మనిషికి 6 సరిపోతుందంటారు. అది మామూలు గాలి మాట. నేర్చుకునే మొదటి వర్షాకాలం ఒక సైజు తగ్గించి 4 చాప కట్టుకోండి. చాపతో పాటు మాస్ట్ (చాపను నిలబెట్టే స్తంభం) కింది ముక్క ఒక్కటి మారుతుంది, మిగతా సామానంతా అదే.

ఎందుకు తగ్గించాలంటే, చాప మీద పడే తోపు గాలి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 10 నాట్లు (నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు) కాస్తా 14 అయితే తోపు రెట్టింపు. చూడ్డానికి నీళ్లలో పెద్ద తేడా ఉండదు, చేతిలో మాత్రం ఉంటుంది. అలల తలలు అక్కడక్కడా తెల్లగా విరుగుతున్నాయంటే సుమారు 12 నాట్లు, నది నిండా తెల్లబడిందంటే 17 దాటినట్టు. తిరగబడ్డ పడవను ఒక్కరే లేపడం రానివాళ్లు రెండోది చూస్తే ఒడ్డునే ఉండాలి.

ఇక్కడి గాలికి ఒక ప్రత్యేకత ఉంది. ఆషాఢంలో పడమటి గాలి ఇబ్రహీంపట్నం వైపు నుంచి నీళ్ల మీదుగా అడ్డూ ఆపూ లేకుండా వచ్చి నేరుగా బ్యారేజీ వైపు తోస్తుంది. చుక్కాని ఊడినా, మాస్ట్ విరిగినా పడవ కొట్టుకుపోయేది ఆ 70 గేట్ల వైపే. కాబట్టి మొదట ఎదురుగాలికి, అంటే ఎగువకు వెళ్లండి; అలసిపోయాక తిరుగు ప్రయాణం గాలివాటున ఉంటుంది. గేట్లు ఎత్తి నీళ్లు వదులుతున్న రోజున మోటారు పడవ తోడున్నా సరే, దిగకూడదు. భవానీ ద్వీపం చెట్ల చాటున గాలి చచ్చిపోతుంది, చాటు దాటగానే ఒక్కసారిగా కొడుతుంది. ఇంద్రకీలాద్రి కింద ఇంకో రకం, దిక్కు మార్చుకుంటూ సుడి తిరుగుతుంది. ఈ రెండు చోట్లా చాపను లాగే, వదిలే తాడైన మెయిన్‌షీట్‌ను క్లీట్‌లో బిగించి వదిలేయొద్దు, చేతిలోనే ఉంచుకోండి. ఇక ఏప్రిల్, మే సాయంత్రాల్లో పడమట నల్లమబ్బు లేచి గాలి స్తంభించిందంటే ఒడ్డుకు చేరాల్సిన టైమదే.

ఈ పడవను గట్టి గాలిలో మచ్చిక చేసేది వ్యాంగ్. బూమ్‌ను మాస్ట్ మొదలుకు లాగి పట్టే కప్పీల తాడు అది; బూమ్ అంటే చాప అడుగున ఉండే అడ్డ కర్ర. కొత్తవాళ్లు దాన్ని వదులుగా వదిలేసి బలమంతా మెయిన్‌షీట్ మీద పెడతారు. అప్పుడు ఏమవుతుందో చూడండి: గాలి విసురు వచ్చింది, భయపడి షీట్ వదిలారు, బూమ్ పక్కకు వెళ్లకుండా పైకి లేచింది, మాస్ట్ నిటారైంది, చాప సంచిలా ఉబ్బింది. తోపు తగ్గాల్సిన క్షణంలో పెరిగింది. వ్యాంగ్ బిగించి ఉంటే షీట్ వదిలినప్పుడు బూమ్ పక్కకే జరుగుతుంది, చాప పలకలా ఉండిపోతుంది. కొలత ఇదీ: వెనక రెండు కప్పీలు ఒకదానికొకటి తగిలేదాకా షీట్ లాగి, వ్యాంగ్‌లోని వదులంతా తీసేయండి. ఇది 10 నాట్ల బిగువు. 15 దాటితే అదే స్థితిలో వ్యాంగ్ తాడు ఇంకో 5 నుంచి 10 సెంటీమీటర్లు రావాలి. కన్నింగ్‌హామ్, అంటే చాప ముందంచును లాగే తాడు, వీలైనంత కిందికి. అవుట్‌హాల్, అంటే చాప అడుగంచును బూమ్ చివరకు లాగే తాడు, బిగించాక చాప అడుగంచుకూ బూమ్‌కూ మధ్య నాలుగు వేళ్లకు మించి సందు ఉండకూడదు.

దీనికి రెండు మూల్యాలున్నాయి. ఒకటి, బూమ్ బాగా కిందికి ఉంటుంది. మలుపులో నడుం వంచితే చాలదు, గడ్డం మోకాలికి తగలాలి. రెండోది ఇంకా ముఖ్యం. గాలివాటుకు తిరిగే ముందు వ్యాంగ్ సడలించాలి. లేదంటే వాలిన పడవలో బూమ్ చివర నీళ్లను తాకుతుంది, చాప బయటికి పోలేదు, పడవ పక్కకు పడిపోతుంది. ముందు వ్యాంగ్, తర్వాత చుక్కాని. ఈ వరస ఒడ్డు మీదే చేతికి అలవాటు చేయండి.

విసురు వచ్చేముందు నీటి మీద నల్లటి మరక పరిగెత్తుకొస్తుంది. అది తాకడానికి ఒక క్షణం ముందే షీట్ ఒక జానెడు వదిలి, స్ట్రాప్‌లో పాదాలు పెట్టి నడుం బయటికి వేయండి. పడవ సమంగా నిలవగానే మళ్లీ లాగండి. టిల్లర్ (చుక్కాని పిడి) బరువెక్కితే చేతి బలంతో పోరాడొద్దు. పడవ వాలిందని అది చెబుతోంది. చుక్కాని పలక పూర్తిగా కిందికి దిగలేదేమో కూడా చూడండి, కొంచెం పైకి ఉన్నా టిల్లర్ రెండింతలు బరువనిపిస్తుంది. డాగర్‌బోర్డ్, అంటే పడవ మధ్యలోంచి నీళ్లలోకి దిగే పలక, ఎదురుగాలికి పూర్తిగా కిందికి, మరీ గట్టి గాలిలో 5 సెంటీమీటర్లు పైకి.

నెమ్మదిగా మలుపు తిప్పితే పడవ గాలికి ఎదురుగా నిలిచిపోతుంది. అప్పుడు వ్యాంగ్ వదిలి, బూమ్‌నూ టిల్లర్‌నూ ఒకే పక్కకు తోసి పట్టుకోండి. పడవ వెనక్కి జరుగుతూ తనంతట తానే ఓరగా తిరుగుతుంది. ఆపైన రెండూ దగ్గరికి లాక్కుంటే ముందుకు కదులుతుంది.

జైబ్ అంటే గాలివాటున చాప ఒక పక్క నుంచి రెండో పక్కకు మారడం. ఇది పడవ అత్యంత వేగంగా ఉన్నప్పుడే చేయాలి, ఎందుకంటే అప్పుడే చాపకు తగిలే గాలి తక్కువ. ఈ మోడల్‌కున్న అసలు లోపం ఇక్కడే బయటపడుతుంది: షీట్ తాడు వెనక మూలకు చిక్కుకుంటుంది. బూమ్ మధ్యకు వచ్చేలోగా తాడును ఒక్క ఊపుతో పైకి విదిలించాలి. గాలివాటున బూమ్‌ను పడవకు అడ్డంగా 90 డిగ్రీలు దాటనివ్వొద్దు, వ్యాంగ్ మరీ సడలనివ్వొద్దు. దాటితే చాప పైభాగం ముందుకు మెలి తిరిగి పడవను గాలి వచ్చే వైపుకే పడేస్తుంది. షీట్ ఒక మూర లాగితే ఆ ఊగు ఆగుతుంది.

తిరగబడితే పడవను వదిలి ఈదొద్దు. షీట్, వ్యాంగ్ వదులు చేసి, ముక్కు గాలి వైపు తిరిగేదాకా ఆగి, డాగర్‌బోర్డ్ మీద హల్‌కు దగ్గరగా నిలబడి వెనక్కి వాలండి. బోర్డ్ కొస మీద నిలబడితే అది విరగొచ్చు. ఇక్కడ లోతు తక్కువ, మాస్ట్ పొడవు ఎక్కువ, కాబట్టి పూర్తిగా బోర్లా పడితే కొస ఒండ్రులో దిగుతుంది. కుదపకుండా నెమ్మదిగా బరువు వేస్తే వదులుతుంది. మాస్ట్‌ను డెక్‌కు కట్టే చిన్న తాడు తప్పనిసరి. అది లేకపోతే బోర్లా పడ్డప్పుడు మాస్ట్ గూట్లోంచి జారి డెక్‌ను చీలుస్తుంది.

గుర్రపుడెక్క వేళ్లు బోర్డ్‌కూ చుక్కానికీ చుట్టుకుని పడవ ఉన్నట్టుండి బద్ధకిస్తుంది. బోర్డ్ పైకెత్తి దించితే సగం పోతుంది, చుక్కానిది చేత్తోనే తీయాలి.

అరుగుదల విషయానికొస్తే, మా ఎండకు ముందు పోయేది టిల్లర్ ఎక్స్‌టెన్షన్ దగ్గరి రబ్బరు కీలు. వంచి చూస్తే పగుళ్లు కనబడితే ఆ రోజే మార్చండి. అల్యూమినియం మాస్ట్ పై ముక్క కాలర్ (రెండు ముక్కలు కలిసే చోటి పట్టీ) దగ్గరి రివెట్ రంధ్రం వద్దే విరుగుతుంది. వంగినప్పుడు ముందు పక్క సాగుతుంది కాబట్టి రివెట్ ఎప్పుడూ వెనక్కి ఉండేలా తిప్పి బిగించండి. డాక్రాన్ (పాలిస్టర్ గుడ్డ) చాపను ఒడ్డున గాలికి టపటపా కొట్టుకోనిస్తే ఒక్క సీజన్‌లో బిగువు పోతుంది.

పాత పడవ కొంటుంటే మాస్ట్ గూట్లో అంచుదాకా నీళ్లు పోసి పావుగంట ఆగండి. మట్టం తగ్గిందంటే గూడు కారుతోంది, ఆ బేరం వదిలేయండి. తర్వాత హల్‌ను తూకం వేయించండి. 65 కిలోలు దాటితే లోపల ఫోమ్ నీళ్లు తాగినట్టే. కూర్చునే చోట బొటనవేలితో నొక్కితే డెక్ లోపలికి పోకూడదు.