పెద్ద అక్షరాల తెలుగు బైబిల్: ఎనిమిది నెలలు చదివాక

మా అత్తయ్యకు రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయింది. దూరం బాగానే కనిపిస్తోంది కానీ పాత బైబిల్లోని అక్షరాలు మాత్రం ఆనడం లేదన్నారు. అద్దాలు మార్చి చూశాం, లాభం లేకపోయింది. అందుకే 2025 ఫిబ్రవరి చివర్లో పెద్ద అక్షరాల బైబిల్ కొన్నాను. మేం ఉండేది బెంగళూరులో. రామమూర్తి నగర్ నుంచి ఆటోలో కె.ఆర్. పుర, అక్కడి నుంచి పర్పుల్ లైన్ మెట్రోలో ఎం.జి. రోడ్. ఆ చుట్టుపక్కల ఒక క్రైస్తవ పుస్తకాల షాపులో కన్నడ, తమిళ బైబిళ్లు గోడ నిండా ఉన్నాయి, తెలుగువి కింది అరలో ఒక్క వరస. జిప్పు కవరుతో కలిపి 850 రూపాయలు పడింది. అచ్చువేసినవాళ్ల పేరు రాయడం లేదు. నేను చెప్పేవి పెద్ద అక్షరాల ప్రతి ఏది కొనేవాళ్లకైనా పనికొస్తాయి.

అక్షరాలకు వంక పెట్టడానికి లేదు. వత్తులు, గుణింతాలు విడివిడిగా కనిపిస్తాయి. పాత ప్రతిలో ధకీ థకీ తేడా తెలియక తడుముకునే అత్తయ్య, ఇందులో రాత్రి ట్యూబ్‌లైట్ వెలుతురులో కూడా నాలుగైదు వచనాలు ఆగకుండా చదువుతున్నారు. బరువే కష్టం, రెండు కిలోల దాకా ఉంటుంది. ఒళ్లో దిండు వేసుకుని దాని మీద పెట్టుకోవాలి. చర్చికి మోసుకెళ్లే పుస్తకం కాదు. కాగితం పల్చన, బాల్‌పెన్‌తో గీస్తే అవతలి పేజీకి దిగుతుంది. పెన్సిల్ వాడండి. ఆరో నెలలో కీర్తనల దగ్గర జిగురు ఊడింది. మేం ఎక్కువగా తెరిచింది అక్కడే. శివాజీనగర్‌లో బైండింగ్ చేసే ఒకాయన దారంతో కుట్టి 150 తీసుకున్నాడు, ఇప్పుడు గట్టిగానే ఉంది.

భాష మన పెద్దలు చదివిన పాత అనువాదమే, గ్రాంథికం. పిల్లలకు కష్టమని చాలామంది అంటారు. నిజమే, మా అమ్మాయి రెండు వచనాలకే నన్ను అర్థం అడుగుతుంది. కానీ ఆ పాత మాటల్లో ఒక జాగ్రత్త ఉంది. 51వ కీర్తన మొదటి రెండు వచనాల్లో అతిక్రమము, దోషము, పాపము అని మూడు మాటలు వేరువేరుగా వాడారు. హీబ్రూలో కూడా అవి మూడు వేరే మాటలే. గీత తెలిసీ దాటడం ఒకటి, వంకరగా నడవడం ఒకటి, గురి తప్పడం ఒకటి. ఫోన్‌లో ఆడియో వింటే ఈ మూడూ ఒకే ధారలో కలిసి వెళ్లిపోతాయి. పెద్ద అక్షరాల పేజీలో వరసకు మూడు నాలుగు మాటలే పడతాయి కాబట్టి ఒక్కోదాని దగ్గర కన్ను ఆగుతుంది. నాది ఈ మూడింట్లో ఏదో అప్పుడే తేలింది.

అత్తయ్యది గుంటూరు లూథరన్ కుటుంబం. 1842లో మిషనరీ హయ్యర్ దొరగారు వచ్చి మొదలుపెట్టిన సంఘం అది. మాది ఒంగోలు బాప్టిస్టు. 1878లో గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారన్న మాట వింటూ పెరిగాను. మా వైపు సాక్ష్యం చెప్పడం ఎక్కువ. రక్షణ పొందకముందు ఎలా ఉండేవాళ్లమో చెబుతాం, ఇప్పుడు ఎలా ఉన్నామో చెప్పడం తక్కువ. లూథరన్ల ఆరాధన పాపాల ఒప్పుకోలుతోనే మొదలవుతుంది. తలంపులోనూ మాటలోనూ క్రియలోనూ పాపం చేశామని అందరూ కలిసి చెబుతారు. పెళ్లయిన కొత్తలో అది నాకు పైపైన చెప్పేదిలా అనిపించేది. పైపైన చెప్పింది నేనే.

ఆ ఏడు భస్మ బుధవారం, అంటే ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాస కాలమైన లెంట్‌లో మొదటి రోజు, మార్చి 5న వచ్చింది. లెంట్ రోజుల్లో పశ్చాత్తాప కీర్తనలు చదువుదామన్నారు అత్తయ్య. అవి ఏడు: 6, 32, 38, 51, 102, 130, 143. వారానికొకటి, రోజూ అదే, భోజనాలయ్యాక ఎనిమిదిన్నరకి. ముందు అత్తయ్య చదివేవారు, కళ్లు అలిసిపోతే నేను అందుకునేదాన్ని. నాలుగో వారం 51కి వచ్చాం.

ఈ ప్రతిలో నాకు నచ్చనిది అక్కడే బయటపడింది. వచనాలన్నీ పెద్దవిగా వేసి, కీర్తన పైన ఉండే శీర్షికను మాత్రం పాత సైజులోనే సన్నగా వదిలేశారు. అత్తయ్యకు అది గీతలా కనిపించింది.

“పైన ఏదో ఉంది, ఏంటది అమ్మాయ్?” అన్నారు.

చదివాను. దావీదు బత్షెబ దగ్గరికి వెళ్లాక, నాతాను ప్రవక్త అతని దగ్గరికి వచ్చినప్పుడు రాసిన కీర్తన అని ఉంది. బత్షెబ ఇంకొకరి భార్య. ఆ తప్పును దావీదు రాజు ముఖం మీదే చెప్పినవాడు నాతాను. శీర్షికలో ప్రధానగాయకునికి అని కూడా ఉంది.

“అంటే పాడేవాళ్ల చేతికిచ్చాడన్నమాట, తప్పు పేరు పైన రాసి మరీ,” అన్నారు అత్తయ్య. “మనమైతే ఆ పైన ఉన్నది చింపేసి ఇస్తాం.”

ఆవిడకు నా సంగతి తెలియదు, మామూలుగానే అన్నారు. నాకు మాత్రం గొంతు పట్టేసింది. మిగతా వచనాలు ఎలా చదివానో గుర్తు లేదు.

సంగతి ఇది. అంతకుముందు అక్టోబర్లో చీటీ కట్టలేక, అత్తయ్య నా దగ్గర దాచమని ఇచ్చిన రెండు బంగారు గాజులు కుదువపెట్టాను. ముప్పై రెండు గ్రాములు, మామయ్యగారు రిటైరైనప్పుడు చేయించినవి. లక్షా ఇరవై వేలు తెచ్చుకున్నాను. మా ఆయనకు కూడా చెప్పలేదు. క్రిస్మస్ ఆరాధనకు వేసుకుంటానని అత్తయ్య అడిగితే లాకర్లో ఉన్నాయి, బ్యాంకు సెలవన్నాను. జనవరిలో పెళ్లికి అడిగితే తాళంచెవి కనబడటం లేదన్నాను. ఆ నెలల్లో ప్రార్థన మానలేదు. పిల్లల చదువు, మా ఆయన ఉద్యోగం, అత్తయ్య కళ్లు, అన్నీ దేవుడి ముందు పెట్టేదాన్ని. “మా పాపములు క్షమించుము” అని కూడా అనేదాన్ని. గాజులు అనే మాట మాత్రం దేవుడి దగ్గర కూడా ఎత్తలేదు. మొదటి ఆదివారం ప్రభువు బల్ల దగ్గర రొట్టె అందుకుంటుంటే చెయ్యి వణికేది, బీపీ అనుకున్నాను. 32వ కీర్తనలో ‘నేను మౌనినై యుండగా’ ఎముకలు క్షీణించాయని ఉంటుంది. ఆ వచనాన్ని వారమంతా రోజూ బయటికి చదివాను, అది నా గురించేనని తట్టలేదు.

మర్నాడు అత్తయ్య పెట్టెలో ఉన్న లూథర్ చిన్న కాటెకిజం తీసి చూశాను. ప్రశ్నలు జవాబులుగా విశ్వాసం నేర్పే చిన్న పుస్తకం, 1529లో రాసింది. దేవుని ముందు మనకు తెలియని పాపాలు కూడా ఒప్పుకోవాలి కానీ, పాదిరిగారి ముందు మనకు తెలిసి మనసును పొడిచేవి మాత్రం చెప్పాలని అందులో ఉంది. నువ్వు తండ్రివా, తల్లివా, భార్యవా, పనివాడివా, నీ స్థానంలో నిలబడి పది ఆజ్ఞలు చూసుకో అంటాడాయన. కోడలిగా నిలబడి చూసుకున్నాను. మేం ఎనిమిదో ఆజ్ఞ అనేదాన్ని లూథరన్లు ఏడోది అంటారు. లెక్క ఏదైనా ఆ ఆజ్ఞ ‘దొంగిలకూడదు’.

మూడు రాత్రులు నిద్ర లేదు. శుక్రవారం రాత్రి చదవడానికి కూర్చోగానే పుస్తకం తెరవకుండా చెప్పేశాను. అవసరం వచ్చింది, వడ్డీ పెరిగింది అని ముందుగా అనుకున్న మాటలేవీ రాలేదు. “అత్తయ్యా, మీ గాజులు లాకర్లో లేవు. నేను కుదువపెట్టాను. రెండుసార్లు అబద్ధం చెప్పాను” అన్నాను.

చాలాసేపు ఆవిడ ఏమీ అనలేదు. తర్వాత “నెలకి వడ్డీ ఎంత?” అని అడిగారు. పన్నెండు వందలన్నాను. “మా వాడికి తెలుసా?” తెలియదన్నాను. “ముందు వాడికి చెప్పు” అని లేచి పడుకున్నారు. రెండు రోజులు అన్నానికి పిలిస్తే వచ్చారు, అంతకుమించి మాటల్లేవు. మా ఆయనకు కోపం ఇంకా ఎక్కువ రోజులు ఉంది. ఒప్పుకోగానే అందరూ కన్నీళ్లతో కౌగిలించుకుంటారని సాక్ష్యాల్లో విన్నాను. మా ఇంట్లో అలా జరగలేదు. మూడో రోజు రాత్రి అత్తయ్యే దిండు వేసుకుని, “32 మళ్లీ చదువు” అన్నారు.

130వ కీర్తన వారం వచ్చేసరికి తెల్లవారుజామున లేవడం అలవాటైంది. కావలివాళ్లు ఉదయం కోసం కనిపెట్టడం కంటే ఎక్కువగా నా ప్రాణం ప్రభువు కోసం కనిపెడుతోందని ఉంది అందులో. మా బాల్కనీలోంచి కిందికి చూస్తే వాచ్‌మన్ మంకీక్యాప్ పెట్టుకుని, డ్యూటీ మారే ఆరింటి కోసం గేటు వైపే చూస్తుంటాడు. ఆయన్ని చూస్తూ ఆ వచనం చదువుతాను. ఇంతకుముందు దేవుణ్ణి వెతకడమంటే కావలసినవి అడగడమే అనుకున్నాను. ఇప్పుడు ఆ అరగంటలో ఏమీ అడగకుండా కూర్చోగలుగుతున్నాను. దాచుకున్నది లేకపోతే ఆయన ఎదుట కూర్చోవడానికి భయం ఉండదు.

ట్యూషన్లు చెప్పి నెలకు కొంత కడుతూ, మిగతాది మా ఆయన బోనస్‌తో కట్టి, సెప్టెంబర్లో గాజులు విడిపించాం. అత్తయ్య వాటిని తిప్పి చూసి మళ్లీ నా చేతికే ఇచ్చి దాచమన్నారు. అప్పుడు ఏడ్చాను.

పుస్తకం సంగతికొస్తే, కొనొచ్చు. పెద్దవాళ్లున్న ఇంటికి తప్పకుండా కొనండి. కుట్టు బైండింగ్ ఉన్నది దొరికితే వంద ఎక్కువైనా అదే తీసుకోండి. షాపులోనే 51వ కీర్తన తెరిచి, శీర్షిక ఏ సైజులో వేశారో చూసుకోండి. మా దాంట్లో ఆ సన్న అక్షరాల పైన తెల్లకాగితం ముక్క అంటించి, స్కెచ్ పెన్‌తో శీర్షిక పెద్దగా రాశాను. అత్తయ్య ఇప్పుడు దాంతోనే మొదలుపెట్టి చదువుతున్నారు.