ముంగిలి కంటే పెరడే ఎక్కువ చెప్పిన పల్లె విడిది

పర్యావరణహితమని చెప్పుకునే విడిది గృహాల్లో వెదురు కుర్చీలు, మట్టి దీపాలు, ఆకుపచ్చ అక్షరాల బోర్డు దాదాపు ప్రతిచోటా కనిపిస్తాయి. అందుకే ఈసారి దిగిన పల్లె విడిదిలో వాటి జోలికి పోకుండా, గోడలు దేనితో కట్టారు, వాడిన నీరు ఎటు పోతోంది, పొద్దుగూకాక కరెంటు ఎక్కడి నుంచి వస్తోంది అన్నవే చూశాను.

గోడలకు పూర్తి మార్కులు వేయవచ్చు. మట్టిలో కొద్దిగా సిమెంటు కలిపి, యంత్రంతో అదిమి చేసిన ఇటుకలతో వాటిని బాగా మందంగా కట్టి, లోపల సున్నంతో పూత పూశారు. ఈ ఇటుకలను బట్టీలో కాల్చే పని లేదు, తడుపుతూ గట్టిపడనిస్తే చాలు. మధ్యాహ్నం బయటి గోడ మీద చెయ్యి పెడితే చురుక్కుమంది కానీ, లోపలి వైపు చల్లగానే ఉంది. మందపాటి మట్టి గోడ పీల్చుకున్న వేడి లోపలికి చేరడానికి గంటలు పడుతుంది కనుక, రాత్రి ఎదురెదురు కిటికీలు తెరిచి గాలి ఆడనివ్వకపోతే మాత్రం గది ఉక్కపోస్తుంది. కిటికీలన్నిటికీ దోమతెరలు బిగించి ఉండడంతో ఆ ఇబ్బంది రాలేదు. ఇంత చిన్న సంగతి మరిచి, చివరికి ఏసీలు పెట్టుకున్న మట్టి ఇళ్లు కూడా ఉంటాయి.

నీటి ఏర్పాటు ఇంకా ముచ్చటగా ఉంది. చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరవుతుంది. ఆ లెక్కన 100 చదరపు మీటర్ల కప్పు మీద 20 మిల్లీమీటర్ల వాన కురిస్తే, వృథా పోను 1,500 లీటర్లకు తక్కువ కాకుండా తొట్టిలో చేరుతుంది. దుమ్ము, పక్షుల రెట్టలు కడుక్కొచ్చే తొలి జల్లు ఒక నిలువు గొట్టంలోకి పోతుంది; అది నిండగానే లోపలి బంతి పైకి తేలి దారి మూసేస్తుంది, ఆ తర్వాతి నీరే తొట్టికి వెళుతుంది. స్నానాల నీరు పెరట్లో కంకర పరిచి మెట్టతామర నాటిన మడిలోకి చేరుతుంది, దగ్గర నిలబడినా వాసన రాలేదు. అయితే ఆ మడిలో నీటిని శుద్ధి చేసేది వేళ్లనూ కంకరనూ పట్టుకుని బతికే సూక్ష్మజీవులు. పొద్దున్నే బాత్రూములు కడిగే సిబ్బంది ఘాటైన ఫినాయిలు ధారాళంగా పోసి, అదే కాలువలోకి వదులుతుంటే, కట్టినవారి తెలివి నడిపేవారికి అందలేదనిపించింది.

కరెంటు సంగతి అంతకంటే నిరాశ కలిగించింది. కప్పు మీద సోలార్ పలకలు ఉన్నా, బ్యాటరీలు చిన్నవి కావడంతో చీకటి పడగానే డీజిల్ జనరేటరు మోగడం మొదలైంది. నీళ్ల మోటారును కూడా సాయంత్రమే వేస్తున్నారు. మిట్టమధ్యాహ్నం ఎండ ఉండగానే పై ట్యాంకు నింపుకుంటే డీజిల్ ఖర్చులో కొంతైనా తప్పేది, దానికి కొత్త పరికరాలు కూడా అక్కర్లేదు. సోలార్ హీటరు బాగానే పనిచేస్తున్నా, పైపులకు వేడి నిలిపే తొడుగు లేనందువల్ల చివరి గదుల్లో బకెట్ చన్నీళ్లు పారబోస్తే గానీ వేడినీరు రావడం లేదు.

తువ్వాళ్లు అడిగితేనే మారుస్తారు, అది మంచిదే. మర్యాదలో, శుభ్రతలో వంక పెట్టేదేమీ లేదు. బస చేయదలచినవారు హీటరు ట్యాంకుకు దగ్గరగా, జనరేటరుకు దూరంగా ఉన్న తూర్పు వైపు గదులను ముందుగానే అడగడం మంచిది.